అమెరికా ఎన్నికల కార్టూన్‌లో ముందు కాళ్ళు చూడండి

మీ అబ్బాయికి స్కూల్లో పాత అమెరికా అధ్యక్ష ఎన్నికల కార్టూన్లు ఇచ్చి, ఏ పార్టీ వైఖరి ఏమిటో రాయమన్నారని, డెమొక్రాట్ల గాడిద, రిపబ్లికన్ల ఏనుగు తప్ప మీకేమీ అంతు పట్టడం లేదని అడిగారు. రెండేళ్ళ క్రితం ఇదే పని మా ఇంట్లోనూ పడింది. మేం ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు, అకౌంట్స్ పని చేస్తాను. కానీ అనంతపురంలో ఉన్నన్నాళ్ళూ ఈనాడులో శ్రీధర్ గారి ‘ఇదీ సంగతి’ చూడనిదే పేపరు పక్కన పెట్టేదాన్ని కాదు. ఆ ధైర్యంతోనే ‘నేను చెప్తాను, రాసుకో అమ్మా’ అన్నాను.

వాళ్ళ టీచరు ఇచ్చింది 1896 ఎన్నికల నాటి బొమ్మ. జడ్జ్ అనే వారపత్రిక ముఖచిత్రం, గీసినది గ్రాంట్ హామిల్టన్. డెమొక్రాటిక్ అభ్యర్థి విలియం జెన్నింగ్స్ బ్రయన్ బంగారు శిలువతో, ముళ్ళ కిరీటంతో నిలబడి ఉంటాడు. చూడగానే నాకు అనిపించింది ఒకటే. ఆయన్ని యేసుతో పోల్చారు, పేదల కష్టం మోసేవాడని పొగుడుతున్నారు, కాబట్టి ఈ పత్రిక ఆయన పక్షం. అదే చెప్పాను, పిల్ల అదే రాసింది. మూడు రోజులకు కాగితం తిరిగి వచ్చింది. మార్కు వేయలేదు. ‘బొమ్మ మళ్ళీ చూడు’ అని ఒక్క ముక్క రాసి ఉంది.

ఆ రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, బొమ్మను పెద్దది చేసుకుంటూ మూలమూలా వెతికాం. నేను మొహం దగ్గరే ఆగిపోయాను. పిల్ల కిందికి జరిపి, ‘అమ్మా, కాలు ఎక్కడ పెట్టాడో చూడు’ అంది. బ్రయన్ తొక్కి నిలబడింది బైబిల్‌ని. వెనక ఒకడు ఎర్ర జెండా ఊపుతున్నాడు, దాని మీద ‘అరాచకం’ అని రాసి ఉంది. కింద వ్యాఖ్య కూడా ఉంది: క్రైస్తవ లోకపు పవిత్ర చిహ్నాలను మట్టిలోకి లాగేవాడు అధ్యక్ష పదవికి తగడని దాని సారం. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టాను. ఆ కాలు నాకే ముందు కనబడాల్సింది. కనబడలేదు, ఎందుకంటే బొమ్మ ఏం చెబుతోందో ముందే నిర్ణయించేసుకుని చూశాను.

అందుకని మీకు మొదట చెప్పేది ఇదే. మొహాన్ని చివరికి ఉంచండి. కాళ్ళ కింద ఏముంది, చేతిలో ఏముంది, వెనక ఎవరున్నారు, మూలన చిన్న అక్షరాల్లో ఏం రాశారు, ఇవి ముందు చూడండి. పోలిక మొహంలో ఉంటుంది, గీసినవాడి ఉద్దేశం ఈ అంచుల్లో ఉంటుంది.

తర్వాత పత్రిక ఎవరిదో కనుక్కోండి. దీనికి మించిన ప్రశ్న లేదనిపిస్తుంది నాకు. జడ్జ్ రిపబ్లికన్లను బలపరిచే పత్రిక. ఆ ఒక్క సంగతి తెలిసి ఉంటే నేను అంత పొరపాటు పడేదాన్ని కాదు. అంటే ఆ బొమ్మలో మనకు దొరికేది బ్రయన్ వైఖరి కాదు, బ్రయన్ అంటే ఎదుటి పక్షానికి ఉన్న భయం. ఈ రెండూ వేరువేరని అర్థమైతే సగం హోమ్‌వర్క్ అయినట్టే.

మరి బ్రయన్ అసలు ఏమన్నాడు? శిలువా, ముళ్ళ కిరీటమూ ఆయన మాటల్లోంచే తీశారు. 1896 జులై 9న చికాగోలో, పార్టీ మహాసభలో చేసిన ప్రసంగాన్ని ఆయన ‘మానవజాతిని బంగారు శిలువకు కొట్టనివ్వం’ అనే అర్థం వచ్చే మాటతో ముగించాడు. అప్పటికి ఆయన వయసు 36. ఆ ప్రసంగమే ఆయనకు టికెట్ తెచ్చింది. గొడవంతా డబ్బు గురించి. డాలరుకు బంగారం ఒక్కటే ఆధారంగా ఉండాలని రిపబ్లికన్లు. వెండిని కూడా 16 ఔన్సులకు ఒక ఔన్సు బంగారం లెక్కన ఎంతైనా నాణేలుగా కొట్టాలని డెమొక్రాట్లు. బజారులో అప్పుడు ఒక ఔన్సు బంగారానికి దాదాపు 30 ఔన్సుల వెండి వచ్చేది. కాబట్టి డెమొక్రాట్ల లెక్కన వెండి కొడితే చలామణిలో డబ్బు పెరిగి, ధరలు పెరుగుతాయి.

దీనికోసం దేశం రెండుగా చీలిపోవడమేంటని పిల్ల అడిగింది. పుస్తకం నాకు పనికిరాలేదు, మా జేజినాయన అప్పు పనికొచ్చింది. ఒక ఏడాది ఆయన బోరు వేయడానికి షావుకారుకు నోటు రాసిచ్చి అప్పు తెచ్చారు. తెచ్చిన రోజు ధరలో ఆ అప్పు నలభై బస్తాల శెనక్కాయలతో సమానం. రెండేళ్ళకు తీర్చే నాటికి శెనక్కాయల ధర పడిపోయింది. నోటు మీద అంకె మారలేదు, వడ్డీ మారలేదు, కానీ తీర్చడానికి అరవై బస్తాలు పోయాయి. బండ్లు వెళ్ళిపోయాక ఖాళీ కళ్ళంలో జేజినాయన గోనెపట్టా మడుస్తూ చాలాసేపు కూర్చోవడం నాకింకా గుర్తుంది. కాన్సాస్, నెబ్రాస్కా గోధుమ రైతులకు అప్పట్లో జరిగింది అదే. డాలరుకు పైన పలికిన బుషెల్ (అక్కడి ధాన్యపు కొలత) గోధుమ 1890లలో అర డాలరు దగ్గరికి పడిపోయింది. అప్పు మాత్రం అంతే ఉంది. అందుకే వాళ్ళకు వెండి కావాలి. అప్పిచ్చినవాళ్ళకు, తన కూలి డబ్బుతో పట్నంలో సరుకులు కొనుక్కునే ఫ్యాక్టరీ కార్మికుడికి ధరలు పెరగడం భయం. వెండి డాలరు విలువ 53 సెంట్లేనని రిపబ్లికన్ పోస్టర్లు భయపెట్టింది ఆ కార్మికుణ్ణే. ఆ సంగతి విన్నాక మా అమ్మాయి ఎర్ర జెండాను ఇంకోసారి చూసి, ‘అయితే వీళ్ళు జేజినాయన లాంటివాళ్ళను అరాచకవాదులన్నారా?’ అంది.

ఎదుటి పక్షం బొమ్మను కూడా పక్కన పెట్టుకోండి. అదే ఏడు హోమర్ డావెన్‌పోర్ట్ అనే ఆయన, బ్రయన్‌ను బలపరిచిన పత్రికాధిపతి హెర్స్ట్ నడిపే న్యూయార్క్ జర్నల్‌లో రిపబ్లికన్ ప్రచార సారథి మార్క్ హానాను గీసేవాడు. భారీ మనిషి, ఒంటి మీది సూటు నిండా డాలర్ గుర్తులు. హానా పోగుచేసిన ప్రచార నిధి దాదాపు 35 లక్షల డాలర్లని చెబుతారు, బ్రయన్ వైపు పోగైంది అందులో చిన్న వంతే. కాబట్టి ఆ డాలర్ గుర్తుల్లో నిజం ఉంది. కానీ అభ్యర్థి విలియం మెకిన్లీ హానా చేతిలో కీలుబొమ్మ అని ఆ బొమ్మలు చెప్పే మాటను నేను ఒప్పుకోను. మెకిన్లీ ఊరు కాంటన్ మాకు రెండు గంటల దారి. సమాధికి 108 మెట్లు ఎక్కాలి, పిల్లతో ఎక్కాను. ఆ ఎన్నికల్లో ఆయన ఊరు కదల్లేదు. రైళ్ళలో లక్షల మంది ఆయన ఇంటి ముందుకే వస్తే, అరుగు మీద నిలబడి, వచ్చినవాళ్ళ వృత్తిని బట్టి, ప్రాంతాన్ని బట్టి సిద్ధం చేసుకుని మాట్లాడాడు. అది కీలుబొమ్మ చేసే పని కాదు. చివరికి 271 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా లెక్కపెట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) మెకిన్లీకి, 176 బ్రయన్‌కు వచ్చాయి.

రెండు బొమ్మలూ చూశాక ఇద్దరి మేనిఫెస్టోలూ తీశాం. ఇక్కడ దాన్ని ప్లాట్‌ఫామ్ అంటారు, అందులోని ఒక్కో అంశం ఒక ప్లాంక్, అంటే చెక్క. (పాత బొమ్మల్లో విరిగిన చెక్క మీద ఎవరైనా నిలబడి కనబడితే అది మేనిఫెస్టో గురించి, వడ్రంగం గురించి కాదు. నాకిది తెలియడానికి చాలా రోజులు పట్టింది.) డెమొక్రాట్లు ఏ దేశం కోసమూ ఆగకుండా 16కు 1 లెక్కన వెండి కొట్టాలని సూటిగా రాసుకున్నారు. రిపబ్లికన్లు మాత్రం పెద్ద వ్యాపార దేశాలన్నీ ఒప్పందానికి వస్తే వెండి సంగతి చూద్దాం, అప్పటిదాకా బంగారమే అన్నారు. కార్టూన్లలో ఈ ‘అప్పటిదాకా’ కనబడదు. అంతేకాదు, ఆ మాట నచ్చక కొలరాడో సెనేటర్ హెన్రీ టెల్లర్ రిపబ్లికన్ మహాసభ నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఇటు బంగారం కావాలన్న డెమొక్రాట్లు విడిపోయి జాన్ పామర్‌ను నిలబెట్టారు. బొమ్మలో పార్టీ ఒకే జంతువు. లోపల ఎన్నో గొంతులు.

పత్రికలు కూడా స్థిరంగా ఉండవు. పక్ అనే వారపత్రిక 1884లో డెమొక్రాట్ క్లీవ్‌లాండ్ వైపు నిలిచింది. రిపబ్లికన్ అభ్యర్థి బ్లెయిన్ ఒంటి నిండా ఆయన మీది ఆరోపణలను పచ్చబొట్లుగా పొడిచి బెర్నార్డ్ గిల్లం గీసిన బొమ్మ అందులోదే. కొన్నేళ్ళకే ఆ గిల్లం జడ్జ్‌లో చేరి రిపబ్లికన్ల తరఫున గీశాడు. అదే పక్ 1896లో బంగారం వైపు నిలిచి బ్రయన్‌ను కాదంది. కాబట్టి ‘ఈ పత్రిక ఎవరిది’ అని కాకుండా ‘ఈ పత్రిక ఆ ఏడాది ఎవరిది’ అని అడగాలి.

మనవాళ్ళకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది పోలికల దగ్గర. మన కార్టూన్‌లో ఒక నాయకుడు తన నెత్తి మీదికే చెయ్యి తెచ్చుకుంటుంటే భస్మాసురుడని ఎవరూ చెప్పక్కర్లేదు. కాషాయం, తలపాగా కనబడితే ఎన్టీఆర్ అని పేరు రాయక్కర్లేదు. గోడ మీద పిల్లి కనబడితే పార్టీ మారేవాడని చిన్నపిల్లలకూ తెలుసు. వాళ్ళకు ఆ చోట బైబిల్, ఈసప్ కథలు ఉన్నాయి. 1884 అక్టోబర్ 29 రాత్రి బ్లెయిన్ న్యూయార్క్‌లో కోటీశ్వరులతో విందు చేస్తే, మర్నాడే వరల్డ్ పత్రిక మొదటి పేజీలో వాల్ట్ మెక్‌డూగల్ దాన్ని బైబిల్లోని బెల్షస్సరు రాజు విందుగా గీశాడు. బల్ల మీద వంటకాలకు ‘మోనోపలీ సూప్’, ‘లాబీ పుడ్డింగ్’ అని పేర్లు. బల్ల ముందు చెయ్యి చాచిన ఒక పేద కుటుంబం. ఆ రాజుకు గోడ మీద వినాశనపు రాత కనబడిందని తెలిసిన చదువరికి బ్లెయిన్ ఓడిపోతాడన్న మాట వేరే చెప్పాలా? న్యూయార్క్ రాష్ట్రం ఆయన చేజారింది వెయ్యికి కొద్దిగా పైన ఓట్ల తేడాతోనే, దాంతో అధ్యక్ష పదవీ పోయింది. బొమ్మ ఒక్కటే కారణమని నేననను. విందు జరిగిన రోజే ఒక మతబోధకుడు ఆయన పక్కన నిలబడి కాథలిక్కులను నొప్పించే మాట అన్నాడు, ఆ దెబ్బా తక్కువది కాదు.

గాడిద కనబడగానే డెమొక్రాట్ అనీ రాయకండి. రిపబ్లికన్ ఓటును ఏనుగుగా చూపి స్థిరపరిచిన థామస్ నాస్ట్ బొమ్మ 1874 నవంబర్ 7న హార్పర్స్ వీక్లీలో వచ్చింది. అందులో సింహం తోలు కప్పుకుని జంతువులను బెదరగొట్టే గాడిద ఉంటుంది. ఆ గాడిద న్యూయార్క్ హెరాల్డ్ పత్రికకు గుర్తు. అప్పటి అధ్యక్షుడు గ్రాంట్ మూడోసారి పోటీ చేసి రాజైపోతాడని ఆ పత్రిక రేపిన భయం మీద గీసింది. ఇక ఎరుపు రిపబ్లికన్, నీలం డెమొక్రాట్ అన్న లెక్క 2000 ఎన్నికల నుంచి స్థిరపడిందే. పాత బొమ్మల్లో రంగును బట్టి ఏమీ చెప్పలేం.

ఇవాళ్టి పార్టీలను 1896లోకి మోసుకుపోకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. అప్పటి దక్షిణాది డెమొక్రాట్లు నల్లవారి ఓటుహక్కును లాగేసుకుంటున్నవాళ్ళు. సుంకాలు పెంచాలన్నది అప్పుడు రిపబ్లికన్ల మాట, 1890లో వచ్చిన సుంకాల చట్టానికి మెకిన్లీ పేరే ఉంది. ఆ పార్టీ తర్వాత చాలా దశాబ్దాలు స్వేచ్ఛా వాణిజ్యం వైపు నడిచింది. మళ్ళీ 2025 జనవరిలో ప్రమాణ స్వీకార ప్రసంగంలో ట్రంప్ సుంకాల విషయంలో మెకిన్లీని మెచ్చుకున్నారు. ఆ రోజు టీవీ ముందు మా అమ్మాయి ‘మన కాంటన్ ఆయనే!’ అని లేచి నిలబడింది.

పక్ పత్రిక బొమ్మలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో పెద్ద సైజులో ఉచితంగా ఉన్నాయి. స్కూలు ఇచ్చే జెరాక్స్‌లో చిన్న అక్షరాలు చెరిగిపోతాయి, దాన్ని నమ్ముకోకండి. పార్టీల మేనిఫెస్టోలు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళ సైటులో దొరుకుతాయి. మీ అబ్బాయికి ఇచ్చిన బొమ్మ ఏ ఏడాదిదో, ఏ పత్రికదో రాయండి. నేనూ, మా అమ్మాయీ కలిసి చూసి చెప్తాం.