జట్టు పని అప్పగించే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఏడో తరగతి పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి పాఠం చెబితే మేలెంత, కీడెంత అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పనిచేసినదాన్ని కనుక నా అనుభవంలోకి వచ్చినంతవరకు రాస్తున్నాను.

మేలు విషయంలో నాకు సందేహం లేదు. మనల్ని లేచి అడగడానికి జంకే పిల్ల పక్కనున్న స్నేహితురాలిని ధైర్యంగా అడుగుతుంది. భిన్నాల కూడికలో హారాలను ఎందుకు సమానం చేయాలో ఆ స్నేహితురాలు రొట్టె ముక్కల లెక్కతో, తమ ఇంటి మాటల్లో వివరించేటప్పుడు, చెప్పే పిల్లకు కూడా ఆ సంగతి మరింత స్పష్టమవుతుంది.

కీడు మాత్రం నా పొరపాటు వల్లనే తెలిసింది. ఒకసారి కిరణజన్య సంయోగక్రియ మీద అయిదుగురికి కలిపి ఒక చార్టు అప్పగించి, అది అందంగా వచ్చిందని అందరికీ ఒకే మార్కులు వేశాను. వారం తర్వాత విడివిడిగా అడిగితే, చార్టు గీసిన అమ్మాయి తప్ప మిగిలిన నలుగురిలో ఒక్కరు కూడా ఆకు గాలిలోంచి ఏ వాయువును తీసుకుంటుందో చెప్పలేకపోయారు. ఒక్కరితో అయ్యే పనిని అయిదుగురికి ఇచ్చిన తప్పు నాది. తెలివైన పిల్లల తల్లిదండ్రులు జట్టు పనిని ఇష్టపడకపోతే వారిని తప్పుపట్టకు. వారి బాధలో న్యాయముంది.

దీనికి మందు 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో దొరికింది. నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ సంతతి పిల్లలు కొత్తగా ఒకే తరగతిలో కలిసి, ఒకరితో ఒకరు పొసగక ఉన్నప్పుడు, ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇప్పించారు. మిగతా ముక్కలను తోటివారి నోట వినాల్సిందే, పరీక్ష మాత్రం ఎవరిది వారే రాయాల్సిందే. మన ఊళ్లలోనూ పిల్లల ఇష్టానికి వదిలితే ఏ వాడవాళ్లు ఆ వాడవాళ్లతోనే కూర్చుంటారు కాబట్టి, జట్లను నువ్వే వెయ్యి. నలుగురికి మించనివ్వకు. లీడరును ప్రతి పాఠానికీ మార్చు.

కొత్త భావనను మొదటిసారి చెప్పే రోజున జట్లు వద్దు. ముందు నువ్వే బోధించి, అభ్యాసాన్ని వారికి అప్పగించు. బల్లలు జరపడంలోనే పది నిమిషాలు పోతాయి కనుక, ముందు బల్లవారిని వెనక్కి తిరిగి కూర్చోమంటే చాలు. చివరి అయిదు నిమిషాల్లో ప్రతి జట్టులోనూ అంతవరకు నోరు విప్పని పిల్లనే లేపి, తన ముక్క కాకుండా పక్కవారి ముక్కను చెప్పమని అడుగు. మొదటి పాఠం ఎలా సాగిందో నాకు రాయి.

మీ పెద్దమ్మ