సమాధానం: మెచ్చుకుంటారు కానీ పెట్టుబడి పెట్టరు, ఎందుకు?

యాప్‌కి డబ్బు ఎవరు కడతారో మీ డెక్‌లో (పెట్టుబడిదారులకు చూపించే స్లైడ్లలో) లేదు, ఎక్కువగా అక్కడే ఆగిపోతుంది. మీ థెరపీ యాప్‌కి డౌన్‌లోడ్లు బాగున్నా వీసీలు (స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టేవాళ్లు) "ఇంకొంచెం ట్రాక్షన్ (వాడకం, ఆదాయం పెరగడం) చూసి చెప్తాం" అంటున్నారని రాశారు కదా, అది మర్యాదగా చెప్పే "వద్దు".

డాక్టర్లు రాసిచ్చే చికిత్స యాప్‌లు చేసిన అమెరికా కంపెనీ పేర్ థెరప్యూటిక్స్ కథ ఆ వీసీలకి గుర్తుంది. 2017లో ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి తెచ్చుకుంది, డాక్టర్లు రాసిచ్చారు, కానీ చాలా ప్రిస్క్రిప్షన్లకు బీమా సంస్థలు డబ్బు ఇవ్వలేదు, 2023లో దివాలా తీసింది. అందుకే ఈ మూడు చేయండి.

1. కొనేది ఉద్యోగం ఇచ్చే కంపెనీయా, బీమా సంస్థా, ఆసుపత్రా, వాడే మనిషేనా? ప్రస్తుతానికి ఒక్కరినే ఎంచుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: యూజర్ చేరిన రోజే కొలవాలి. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 (తొమ్మిది ప్రశ్నల ఫారం, 0 నుంచి 27 స్కోరు, ఎక్కువైతే డిప్రెషన్ ఎక్కువ), ఆందోళనకి జీఏడీ-7 (అలాంటిదే, ఏడు ప్రశ్నలది), మళ్లీ కొన్ని వారాలకి అవే ప్రశ్నలు. మొదటి స్కోరు తీసుకోకపోతే తర్వాత ఎంత తలకిందులైనా ఆ స్కోరు తేలేరు. పీహెచ్‌క్యూ-9లో 5 పాయింట్లు తగ్గితే చెప్పుకోదగ్గ మార్పే. మధ్యలో మానేసినవాళ్లనీ లెక్కలో చూపించండి, మిగిలినవాళ్ల సగటు మాత్రమే పెడితే డ్యూ డిలిజెన్స్‌లో (పెట్టుబడికి ముందు చేసే తనిఖీలో) ఇట్టే దొరికిపోతారు. ఇంకో సంగతి, పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి, ఆ జవాబు వచ్చిన వెంటనే ఏ మనిషి స్పందిస్తాడో ముందే ఏర్పాటు చేయకుండా దాన్ని యాప్‌లో పెట్టకండి.

3. ఒక్క పైలట్ (చిన్న స్థాయి ప్రయోగం) అయినా డబ్బు తీసుకుని చేయండి, చిన్న మొత్తమైనా సరే.

ఈ మూడింటినీ రెండు స్లైడ్లలో ముందు పెట్టి, డౌన్‌లోడ్ల గ్రాఫ్ చివరికి జరిపి, అదే వీసీలకి మళ్లీ పంపండి.