ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి అమీర్‌పేటలో అడ్వాన్స్‌డ్ వెబ్ డెవలప్‌మెంట్ కోర్సు పనికొస్తుందా?

నేను చేరాను కాబట్టి చెబుతున్నాను. జావాలో ఆరేళ్లు పనిచేశాక మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో శని, ఆదివారాల బ్యాచ్‌కి 18,000 కట్టాను. ఉదయం ఏడింటికి క్లాసు. రియాక్ట్, రీడక్స్, నోడ్, మాంగోడీబీ, డాకర్, ఇలా ఫ్లెక్సీ మీదున్న లోగోలన్నీ సిలబస్‌లో ఉన్నాయి. రెండు నెలల్లో ఒక షాపింగ్ కార్ట్ తయారు చేశాం. సార్ టైప్ చేసింది మేమూ టైప్ చేశాం. ఎవరికీ ఎర్రర్ రాలేదు. ఎర్రర్ రాని క్లాసులో నేర్చుకునేది ఏమీ ఉండదని అప్పటికి నాకు తెలియదు.

అది అయిన నెలకే మా టీం కొన్ని కాలేజీలకి ఫీజు కట్టే వెబ్‌సైట్ చేసింది. అడ్మిషన్ల ఆఖరి రోజు, రాత్రి పదకొండు. నల్గొండ వైపు పల్లె నుంచి ఒక తండ్రి ఫోన్ చేస్తే లైన్ నాకు కలిపారు. "సారూ, ఫెయిల్ అయిందని చూపెట్టింది, మళ్లీ కట్టిన. 42,000 రెండుసార్లు పోయినయ్. రెండోది హాస్టల్‌కు పెట్టుకున్న పైసలు. పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చిన" అన్నాడు. వెతికితే ఆ ఒక్కరోజే అలాంటివి 31 కేసులు. నా చేతులు చల్లబడ్డాయి.

మా టీంలో పన్నెండేళ్ల అనుభవం ఉన్న అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పేమెంట్ గేట్‌వేని (మన సైట్‌కీ బ్యాంకుకీ మధ్య చెల్లింపు నడిపే సర్వీసు) టెస్ట్ మోడ్‌లో పెట్టి, అక్కడి నుంచి వచ్చే జవాబుని కావాలనే ముప్పై సెకన్లు ఆపించింది. పది సెకన్లకే మా పేజీ మీద 'పేమెంట్ ఫెయిల్' అని ఎర్రగా వచ్చింది. "ఫెయిల్ అయిందని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. జవాబు రాలేదు, అంతే. ఆ రెండూ ఒకటేననుకుని కోడ్ రాశాను. పైగా 'మళ్ళీ కట్టండి' బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త ఆర్డర్ పుడుతోంది.

తెల్లారేదాకా కూర్చుని మార్చాం. జవాబు రాకపోతే 'పెండింగ్' అని చూపించి, మళ్ళీ కట్టనిచ్చే ముందు గేట్‌వేని స్టేటస్ అడగడం. ఒక విద్యార్థికి ఒక టర్మ్‌కి ఒకే ఆర్డర్ ఉండేలా డేటాబేస్‌లోనే యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టడం. గేట్‌వే ఒకే వెబ్‌హుక్‌ని (చెల్లింపు ఏమైందో తనంతట తానే మన సర్వర్‌కి పంపే కబురు) రెండుసార్లు పంపినా ఒక్కసారే నమోదవడం, ఎందుకంటే మన సర్వర్ సరిగ్గా అందిందని చెప్పకపోతే వాళ్లు మళ్ళీ పంపుతారు. బ్రౌజర్ సర్వర్‌కి పంపే రిక్వెస్టుల్లో గెట్, పుట్, డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలి, కొత్త ఆర్డర్ లాంటివి పుట్టించే పోస్ట్‌కి ఆ హామీ లేదు అన్న మాట వెబ్ నడిచే నియమావళిలో, అంటే 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే ఉంది. ఆరేళ్లలో నేనది ఒక్కసారి కూడా చదవలేదు.

2010లో వచ్చిన ఆంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ (వెబ్ పేజీలు కట్టడానికి రెడీగా దొరికే కోడ్ చట్రం) నేర్చుకోవడానికి నా స్నేహితులు ఎంత ఖర్చు పెట్టారో నాకు తెలుసు. 2021 ఆఖరుతో దానికి సపోర్టే ఆగిపోయింది. ఆ 1997 నియమం మాత్రం ఈ రోజుకీ అలాగే ఉంది. ఫ్రేమ్‌వర్క్ కోసమైతే ఇంత ఫీజు దండగ. రియాక్ట్ వాళ్ల డాక్యుమెంటేషన్ ఉచితం, హెల్సింకీ యూనివర్సిటీ వాళ్ల ఫుల్ స్టాక్ ఓపెన్ కోర్సూ ఉచితమే. కంపెనీల ట్రైనింగులు కూడా ఇంతకన్నా మెరుగ్గా లేవు. అటెండెన్స్ చూస్తారు, సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమంటారు, ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన యూజర్లు వాడుతుండగా, పడిపోయిన అప్లికేషన్‌ని ముందు పెట్టి కారణం కనుక్కోమనరు. అనుభవం ఉన్నవాళ్లకి కావాల్సిన ట్రైనింగ్ అదొక్కటే.

కాబట్టి డెమో క్లాసుకి వెళ్ళండి. యూజర్ డబ్బు కట్టాక గేట్‌వే నుంచి జవాబు రాకపోతే మన సర్వర్ ఏం చేయాలి అని అడగండి. సార్ మార్కర్ తీసుకుని బోర్డు దగ్గరికి నడిస్తే ఫీజు కట్టేయండి. ముందు చేరండి, తర్వాత కవర్ చేస్తాం అంటే ఇంటికి వచ్చేయండి.