అది మబ్బా, పొగా?

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ కమ్మేసినప్పుడు పిల్లల్ని గడప దాటనివ్వలేదు. అప్పటినుంచీ వేసవి వస్తే నాకు టెన్షన్. ఫోన్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తాను గానీ ఏది మబ్బో, ఏది పొగో, ఏది దుమ్మో తెలియడం లేదు. ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ టెన్షన్ నాకూ తెలుసండీ. ఆ జూన్ 7న మనకి రాత్రి పదకొండు దాటాక మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వీడియో కాల్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. కిటికీ బయట అంతా నారింజ తొక్క రంగు. వంటింట్లో లైటు వేసుకుంది. "పెద్దమ్మా, తలుపులన్నీ వేసినా కట్టెల పొయ్యి వాసనే" అంది.

వెంటనే గోస్-16 చిత్రాలు తెరిచాను. అప్పట్లో దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి అమెరికాను ఐదు నిమిషాలకోసారి ఫొటో తీసిన ఉపగ్రహం అది. ఒక్క ఫొటోనే చూసుంటే నేనూ పొరబడేదాన్ని. ఫొటోల్ని వరసగా కదిలిస్తే తెలిసింది: కెనడాలోని క్యుబెక్ అడవుల్లోంచి లేచిన బూడిదరంగు తోకలు, తూర్పున ఉన్న అల్పపీడనం చుట్టూ గడియారం ముల్లుకి ఎదురు తిరిగి, న్యూయార్క్ మీదికి దిగుతున్నాయి.

మీరూ కదిలించే చూడండి. మబ్బు తెల్లగా, అంచులు తేటగా ఉంటుంది. పొగ మాసిన గుడ్డలా ఉంటుంది, కింది నేల మసగ్గా కనబడుతుంది. వెనక్కి వెళ్తే దానికో మొదలు దొరుకుతుంది. ఇంకా అనుమానముంటే ఇన్‌ఫ్రారెడ్ చిత్రం (కంటికి కనబడని వేడి కిరణాలతో తీసేది) పక్కన పెట్టుకోండి. పొగ రేణువులు మరీ సన్నం కాబట్టి అక్కడ దాదాపు మాయమవుతుంది, ఎత్తయిన మబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

దుమ్ము సంగతి వేరు. ఎడారి మీద ఉన్నంతసేపూ ఇసుక మీద ఇసుకే, మామూలు ఫొటోలో దొరకదు. సముద్రం మీదికొస్తే నల్లరాతి మీద గంధం పూసినట్టు బయటపడుతుంది. 2022 జనవరిలో పాకిస్తాన్ వైపు నుంచి అరేబియా సముద్రం దాటి ముంబయిలో కార్ల మీద తెల్లగా పేరుకున్న దుమ్ము ఇలాంటిదే. ఇన్‌ఫ్రారెడ్ తరంగాల తేడాకు రంగులు వేసి చేసే "డస్ట్" చిత్రంలో అయితే దుమ్ము గులాబీ రంగులో, రాత్రిపూట కూడా కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఉపగ్రహం చూసేది పైనుంచి. ఆ పొగ ఎంతో ఎత్తున సాగిపోతోందో, మీ మనవల ముక్కు దాకా దిగిందో ఫొటో చెప్పదు. దానికి నేలమీది గాలిలో పీఎం 2.5 (అతి సన్నటి రేణువులు) ఎంతుందో లెక్క కావాలి. అమెరికా ప్రభుత్వ ఎయిర్‌నౌ సైట్లో మీ అమ్మాయి వాళ్ళ జిప్ కోడ్ కొడితే గాలి నాణ్యత సూచీ వస్తుంది; అంకె పెరిగేకొద్దీ గాలి అంత చెడ్డదన్నమాట. ఆ రోజు న్యూయార్క్‌లో అది 400 దాటింది. పిల్లల్ని బయటికి పంపాలా వద్దా అన్నది ఆ అంకె చూసే చెప్పండి.

తీరిక చేసుకుని నాసా వాళ్ళ వరల్డ్‌వ్యూ సైట్లో 2023 జూన్ 7 తేదీ పెట్టండి. ఒక్కో రోజే వెనక్కి జరుపుతూ జూన్ 1 దాకా వెళ్ళండి. మంటలున్న చోట్లు చూపే చుక్కల్ని కూడా ఆన్ చేసుకుంటే, ఆ పొగ ఎక్కడ పుట్టిందో మీరే వేలుపెట్టి చూపించగలరు.