డాక్టర్ సలహా: హీటర్ వేసినప్పటి నుంచి తలనొప్పా? మాత్ర సంగతి తర్వాత

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. రెండేళ్ల క్రితం పాత ఇల్లు కొన్నాం. అమ్మానాన్న గుంటూరు నుంచి అక్టోబర్‌లో వచ్చారు. నాన్నకు 68 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. హీటర్ వేయడం మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దున లేవగానే తలనొప్పి, తల తిరుగుతోంది అంటున్నారు. అమ్మకూ వికారంగా ఉంటోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ 650, తల తిరుగుడు మాత్రలు వేస్తున్నాం. ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోంది. బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లిన రోజు మాత్రం ఇద్దరూ హుషారుగా ఉంటారు. వేడిగాలి నేరుగా మంచం మీదికి కొడుతోందని నేల మీది వెంట్లకు (వేడిగాలి వచ్చే జాలీలకు) అట్టలు అడ్డుపెట్టి, పైన కార్పెట్ వేశాం. ఇది ప్రమాదమా? డక్ట్ క్లీనింగ్ (వేడిగాలి వచ్చే గొట్టాల శుభ్రం) చేయిస్తే తగ్గుతుందా? నాన్నకు ఇంకా మంచి మాత్ర ఏదైనా ఉందా? హాల్లో అలారం ఊరికే కూస్తోందని బ్యాటరీ తీసేశాం. నా భార్యకు ఐదో నెల.
– ఓ పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టినవి మీరు అడిగిన విషయాలు కావు, మధ్యలో ఊరికే రాసేసినవి. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వికారం. జ్వరం ఉన్నట్టు రాయలేదు. ఇంట్లో ఉంటే బాధ, గుడికి వెళితే హుషారు. అలారానికి బ్యాటరీ లేదు. వీటన్నిటినీ కలిపి చూస్తే ఏ డాక్టరుకైనా మొదట రావాల్సిన అనుమానం కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం. అదే అయి ఉంటుందని చూడకుండా చెప్పలేను. కానీ కాదని తేలేదాకా ఆ ఇంట్లో ఇంకో రాత్రి పడుకోవద్దు. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగడం మంచిది కాదని మీకు విడిగా మెయిల్ కూడా పెట్టించాను.

అందరూ బయటికి రండి. హీటర్ ఆపుదామని బేస్‌మెంట్‌లోకి దిగకండి. బయట నిలబడి అమెరికా ఎమర్జెన్సీ నంబర్ 911కు ఫోన్ చేసి, ఇంట్లో ఇంతమందికి తలనొప్పి, వికారం ఉన్నాయి, ఒకరు గర్భిణి అని చెప్పండి. ఫైర్ సిబ్బంది మీటర్ తెచ్చి గాలి పరీక్ష చేస్తారు. వాళ్లు సరే అనేదాకా లోపలికి వెళ్లొద్దు.

ఇల్లంతటికీ వేడిగాలి పంపే మీ ఫర్నేస్ గ్యాస్‌తో నడుస్తుందో, కరెంటుతో నడుస్తుందో రాయలేదు. కరెంటుదైతే దాని నుంచి ఈ వాయువు రాదు. అయినా నీళ్లు కాచే హీటర్ గ్యాస్‌ది కావచ్చు. గ్యాస్, ఆయిల్, కట్టె, బొగ్గు ఏదైనా సరిగా మండకపోతే ఈ వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మామూలుగా పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఆ గొట్టం మూసుకుపోయినా, ఫర్నేస్ లోపల మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌కు పగులు వచ్చినా ఇంట్లోకి తిరిగి రావచ్చు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రాత్రంతా హీటర్ నడిచి, తెల్లారి తలనొప్పితో లేవడం ఈ కథకు సరిపోతుంది.

ఆక్సీమీటర్‌లో 98 చూసి ధైర్యపడ్డారు. దయచేసి పడకండి. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్‌తో ఉన్న హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ తేడా కనిపెట్టలేదు. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 చూపించగలదు. చేయాల్సింది కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష, అంటే ఈ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎంత శాతమో చూసేది. అదీ వెంటనే. మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో ఆ శాతం సగానికి పడిపోతుంది. పొద్దున తలనొప్పి వస్తే సాయంత్రం తీరిగ్గా వెళ్లి పరీక్ష చేయించి, నార్మల్ వచ్చిందని సంతోషించడంలో అర్థం లేదు. నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టి ఈసీజీ కూడా తీయమని అడగండి. ఈ వాయువు గుండెనూ ఇబ్బంది పెడుతుంది.

మీ భార్య గురించి చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నా దృష్టిలో మొదటి పేషెంట్ ఆవిడే. ఆవిడకు ఏ బాధా లేకపోవచ్చు. కానీ కడుపులోని బిడ్డ రక్తంలో ఈ వాయువు తల్లి కంటే ఎక్కువగా చేరుతుంది, నెమ్మదిగా వదులుతుంది. అందుకే గర్భిణులకు ఆక్సిజన్ ఎక్కువసేపు ఇస్తారు. హైపర్‌బేరిక్ చికిత్స (ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ ఇవ్వడం) అవసరమా అన్నది అక్కడి డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆవిడ గైనకాలజిస్టుకు ఈ రోజే చెప్పండి.

ఇక మాత్రలు. ఈ విషయంలో కాస్త కోప్పడక తప్పదు. సూట్‌కేసులో ఆరు నెలలకు సరిపడా మాత్రలు పట్టుకెళ్లడం మంచిదే. అవి నాన్నగారికి రోజూ వేయాల్సిన మందులైతే. కానీ కొత్తగా వచ్చిన ప్రతి బాధకూ ఆ సంచిలో చెయ్యి పెట్టడం అలవాటైపోయింది. పారాసిటమాల్ తలనొప్పిని అణిచేస్తుంది. అంటే, మిమ్మల్ని హెచ్చరిస్తున్న ఒక్క గుర్తునూ మీరే చెరిపేస్తున్నారు. అలారం బ్యాటరీ తీసేశారు, ఒంట్లోని అలారాన్ని మాత్రతో ఆపారు. విజిటర్స్ ఇన్సూరెన్స్‌తో హాస్పిటల్‌కు వెళితే బిల్లు ఎంతవుతుందోనన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. మా పేషెంట్ల పిల్లలు చాలామంది ఇదే చెబుతారు. కానీ ఈ విషప్రభావం తగ్గిందనుకున్నాక కూడా కొన్ని రోజులకో, వారాలకో మతిమరుపు, నడక తడబాటు, మనిషి తీరులో మార్పు రావచ్చు. ఆలస్యం చేయకండి. 911 అవసరం లేని చిన్న సందేహాలకు అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222 ఉంది. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం.

పరీక్షలో ఈ వాయువు లేదని తేలితే, అప్పుడు మిగతా కారణాలు చూడాలి. నాన్నగారు గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వాడుతుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. టైమ్ మారడంతో బీపీ మాత్ర వేళ తప్పి ఉండొచ్చు. పొడిగాలికి ముక్కు, సైనస్ ఎండిపోవచ్చు.

వెంట్ల సంగతి. మీరు గదిలో నేల మీది జాలీ గురించే అడిగారు. నేను అడిగేది ఇంటి బయటి గొట్టం గురించి. ఈ కాలపు ఫర్నేస్‌లకు చాలావాటికి పక్కగోడలోంచి తెల్లటి పీవీసీ గొట్టాలు బయటికి వస్తాయి. పాతవాటికి చిమ్నీ ఉంటుంది. చలికాలం రాకముందే చూడాల్సింది అక్కడ. రాలిన ఆకులు, పక్షిగూళ్లు, పెరిగిన పొదలు ఉంటే తీయించండి. మంచు పడ్డాక ప్రతిసారీ గొట్టాల ముందు చేత్తో శుభ్రం చేయండి. డ్రైవ్‌వేలో తోడిన మంచును అటువైపు పోయొద్దు. గొట్టం మూసుకుపోతే కొన్ని ఫర్నేస్‌లు వాటంతటవే ఆగిపోతాయి. పాత ఇల్లు కాబట్టి ఆ నమ్మకం పెట్టుకోవద్దు. రెండేళ్లలో సర్వీస్ చేయించినట్టు మీరు రాయలేదు. ఏటా లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌తో పొగగొట్టం, హీట్ ఎక్స్ఛేంజర్ చూపించండి.

గదిలో జాలీలకు అట్టలు తీసేయండి. ఒకటి మూసినంత మాత్రాన విషవాయువు రాదు. కానీ చాలా మూసేస్తే, ముఖ్యంగా గాలిని వెనక్కి లాగే పెద్ద జాలీకి సోఫా అడ్డం పెడితే, గాలి ఆడక ఫర్నేస్ అతిగా వేడెక్కుతుంది. గాలి మంచం మీదికి రాకుండా తిప్పే ప్లాస్టిక్ డిఫ్లెక్టర్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ఇంకో మాట, నాన్నగారిని అరికాళ్లు ఆ జాలీ మీద పెట్టి కాచుకోనివ్వద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు. మా ఓపీకి అలాంటి పుండ్లతో వస్తుంటారు.

డక్ట్ క్లీనింగ్ మామూలుగా అందరికీ అవసరమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెప్పదు. బూజు కనిపిస్తే, ఎలుకలు, పురుగులు చేరితే, దుమ్ము బయటికి కొడుతుంటే చేయించవచ్చు. లేకపోతే ఆ డబ్బు ఫర్నేస్ సర్వీస్‌కు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు పెట్టండి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఒకటి ఉండాలి. అలారం మీద తేదీ చూడండి, గడువు దాటితే దాన్ని నమ్మలేం. అప్పుడప్పుడూ ఒక్కసారి కూస్తే బ్యాటరీ అయిపోయిందనో, దాని కాలం తీరిందనో అర్థం. వరుసగా నాలుగుసార్లు కూసి ఆగి మళ్లీ కూస్తే పరుగెత్తాలి. వాయువు తక్కువ మోతాదులో ఉంటే మోగడానికి గంటల సమయం పట్టవచ్చు, కాబట్టి అది మోగలేదని బాధలున్నా ఊరుకోవద్దు.

ఇది చదువుతున్న మన దగ్గరివాళ్లకూ చెబుతున్నాను. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్, అరకులోనో ఆదిలాబాద్‌లోనో తలుపులు మూసి గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి, ఇవీ ఇదే వాయువును వదులుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు బొగ్గుల గ్రిల్ ఇంట్లో పెట్టుకుని, గ్యారేజ్‌లో కారు ఆన్‌లో ఉంచి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

నేను మీవాళ్లను పరీక్షించలేదు కాబట్టి అక్కడి డాక్టర్లు చెప్పిందే పాటించండి. రిపోర్టులు వచ్చాక, నాన్నగారి బీపీ, షుగర్ మాత్రల పేర్లు, డోసులు, ఏ టైముకు వేస్తున్నారో రాసి పంపండి. ఉదయం లేవగానే చూసిన షుగర్ రీడింగులు కూడా కావాలి.