సంఘం పేరు ఎవరి పేరున?

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీ సంఘం పేరు చెప్పుకుని ఎవరో పెళ్లిళ్లలో వంశవృక్షం చార్టులు అమ్ముతున్నారన్నావు. డబ్బు కట్టినవాళ్లు మీకు ఫోన్ చేసి చార్టు ఏదని అడుగుతున్నారన్నావు. సెలవు దొరికితే చాలు, ఊళ్లకు వెళ్లి ముసలివాళ్ల మంచం పక్కన కూర్చుని పేర్లు రాసుకున్న పిల్లలు మీరు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తద్దినానికి చెప్పుకునే మూడు తరాల పేర్లు దాటి ఏడో తరం దాకా రాబట్టారు. మీ పేరు మీద నమ్మకం పోయిందంటే రేపు ఏ ఇంట్లోనూ మీకోసం ట్రంకుపెట్టె తెరవరు. అందుకే పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించండి, ఆలస్యం చేయొద్దు.

లాభం లేని పనికి ట్రేడ్‌మార్క్ ఏమిటని మీవాళ్లు కొందరు అంటున్నారట. అమ్మే సరుక్కే కాదు, చేసే సేవకూ మార్కు ఉంటుంది. 1958 నాటి చట్టంలో సరుకులకే ఉండేది. 1999లో చేసిన చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చాక సేవల పేర్లు కూడా రిజిస్టర్ చేస్తున్నారు. సరుకులనూ సేవలనూ తరగతులుగా విడదీశారు, అందులో వంశ పరిశోధన 45వ తరగతి కిందికి వస్తుంది. పుస్తకాలు వేయడం, శిక్షణ తరగతులు పెట్టడం 41లోకి వెళ్తాయి. ఫీజు తరగతికి ఇంత అని కట్టాలి కనుక ముందు 45 చాలు.

ఇక అసలు సంగతి. దరఖాస్తులో మొదటి గడి దరఖాస్తుదారు పేరు. నేను దెబ్బ తిన్నది అక్కడే.

మీకు ముందు మేమూ ఇలాంటి బృందం నడిపామని నీకు తెలుసు. హరిద్వారంలో పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, వచ్చినవాళ్ల వంశాల వివరాలు రాసి ఉంచే బహీలు తిరగేసి మనవాళ్ల సంతకాలు వెతికేవాళ్లం. పొడుగాటి ఆ పుస్తకాల్లో నాగరి లిపి మధ్య ఒక్క తెలుగు సంతకం కనబడితే, అది మా తాత చేతిరాతే అనిపించి కళ్లు చెమర్చేవి. పేరు రిజిస్టర్ చేయిద్దామనుకున్నప్పుడు లెక్క చూశాం. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తికి 4,500 రూపాయలు, సంఘానికైతే 9,000. మాలో అన్నీ తానై చూసుకునే ఒకాయన పేరున వేసేద్దాం, సగం మిగులుతుంది అన్నారు. నేనూ తల ఊపాను. రెండేళ్లకు మాటా మాటా వచ్చి ఆయన విడిపోయాడు. సర్టిఫికెట్ ఆయన పేరున ఉంది. మేము ఆరేళ్లు వాడిన పేరు మేమే వాడకూడదని లాయరు నోటీసు పంపాడు. రిజిస్టరులోంచి ఆ నమోదు తీయించమని అడిగే దారి చట్టంలో ఉంది. కానీ ఆ పేరు బృందానిదని చూపడానికి మా దగ్గర కాగితం ఏది? రసీదు పుస్తకం మీద ఆయన ఫోన్ నంబరు, మెయిల్ ఆయనది, కరపత్రాల కింద ఆయన పేరు. వదిలేశాం. ఇప్పటికీ ఆ పేరు ఎక్కడైనా కనబడితే ఆ పూట అన్నం సయించదు.

కాబట్టి ముందు మీరు సంఘంగా నమోదు కండి. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, మీరు పాతికమంది ఉన్నారు. ఆ తర్వాత సమావేశం పెట్టి, ఈ పేరు సంఘానిదేనని, దరఖాస్తు సంఘం పేరునే వేస్తున్నామని తీర్మానం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించు. మెయిల్ కూడా సంఘానిదే ఇవ్వండి, ఎందుకంటే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పంపే ఉత్తరాలన్నీ దానికే వస్తాయి. 9,000 ఎక్కువనిపిస్తే నాతో చెప్పు, నేను సర్దుతాను. సగం ఆదా చేసే ఉపాయం మాత్రం ఎవరు చెప్పినా వినకు.

పేరు గురించి ఒక మాట. వంశవృక్షం, వంశచరిత్ర అన్న మాటలు చేసే పనినే చెబుతాయి. వాటిని ఒక్కరికే రాసివ్వరు, ఇవ్వకూడదు కూడా. మీ పేరులో గోదారి యాసలో ఉన్న ఆ రెండో మాటే మీకు బలం. దాన్ని పట్టుకోండి. బొమ్మతో కలిపి లోగోగా వేస్తే ఆ బొమ్మ మొత్తానికే హక్కు వస్తుంది, అందులో ఉన్న మామూలు మాటల మీద విడిగా రాదు. అందుకని ముందు అక్షరాలకే వేయండి. తెలుగు లిపిలో వేసినప్పుడు, ఎలా పలకాలో, అర్థమేమిటో హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ రాసి జతచేయాలి. ఆ అర్థం నువ్వే కూర్చుని రాయి, ఏజెంటు చేతికి వదలకు. దరఖాస్తుకు ముందు రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతుకు, దానికి ఖర్చేం లేదు. ఉచ్చారణ దగ్గరగా ఉన్నవాటినీ చూడు.

ఏజెంట్లకు ఒక అలవాటుంది. పని తేలికవుతుందని, పేరు ఇంకా వాడలేదు, ఇకముందు వాడతాం అన్న గడిలో టిక్కు పెట్టేస్తారు. ఒప్పుకోవద్దు. ఎప్పటి నుంచి వాడుతున్నారో ఆ తేదీ వేసి అఫిడవిట్ పెట్టాలి, దానికి రుజువులు జతచేయాలి. కరపత్రాలు, తేదీతో ఉన్న ఫొటోలు, పేపర్లో పడ్డ వార్త, హాలు అద్దె రసీదు, ఏదైనా సరే. ఆ చార్టులు అమ్మేవాడితో రేపు తగువు వస్తే, ఎవరు ముందు వాడారన్నదే మొదటి ప్రశ్న. రిజిస్టర్ కాకపోయినా ముందు వాడినవాళ్లకు కోర్టుకెళ్లే హక్కుంది. కాకపోతే ప్రతిసారీ మొదటి నుంచి నిరూపించుకోవాలి.

దరఖాస్తు వేశాక అభ్యంతరాల పత్రం వస్తుంది. చాలామందికి వస్తుంది, కంగారు పడకు. నెలలోపు జవాబివ్వాలి, అది మాత్రం దాటనివ్వకు. ఒప్పుకున్నాక రిజిస్ట్రీవాళ్ల ట్రేడ్‌మార్క్ జర్నల్లో వేస్తారు, నాలుగు నెలల్లో ఎవరూ వ్యతిరేకించకపోతే సర్టిఫికెట్. హక్కు దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకొస్తుంది. చేతికి వచ్చేదాకా పేరు పక్కన సున్నాలో ఆర్ గుర్తు వేయొద్దు, అది నేరం. టీఎం అని వేసుకోవచ్చు. పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. డల్లాస్‌లో మీవాళ్లు పెట్టిన శాఖకు ఇక్కడి సర్టిఫికెట్ పనిచేయదు, అక్కడ విడిగా వేసుకోవాల్సిందే.

సర్టిఫికెట్ వచ్చాక వంశవృక్షం అన్న మాట వాడిన ప్రతి పిల్లాడికీ నోటీసులు పంపొద్దు తల్లీ. మీకు దక్కేది పేరు ఒక్కటే. మీరు సేకరించిన తరాల పేర్లు ఆయా కుటుంబాలవి, ఈ పని ఇంకో పదిమంది చేస్తే మంచిదే. మీ పేరు పెట్టుకుని డబ్బు గుంజేవాడి మీదికే వెళ్లండి. అతను వాడుతున్న కరపత్రం, డబ్బు కట్టినవాళ్లకిచ్చిన రసీదు ఇప్పుడే సంపాదించి పెట్టుకో.

ఇంకొకటి. మీ మొదటి సమావేశానికి నన్ను పిలుస్తూ ఇచ్చిన పసుపురంగు కరపత్రం నా దగ్గరుంది. పొద్దున పాత పంచాంగాలన్నీ దింపి వెతికితే ఆ ఏటి పంచాంగంలోనే దొరికింది. పైన సంఘం పేరు, కింద తేదీ, ప్రెస్సు పేరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి, మడత దగ్గర మాత్రం కొంచెం చిరిగింది. రేపు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అఫిడవిట్‌కు జిరాక్సు పెట్టు, అసలుది సంఘం బీరువాలో ఉంచు. చిరుగుకు టేపు అంటించకు.

మీ మామయ్య