అది మందుచీటీ కాదు, పాట

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ రెండో పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. ‘కాళ్ళా గజ్జా కంకాళమ్మ’ అంటే పూర్వీకులు పాటలో దాచిపెట్టిన గజ్జి మందు అని రాశావు. వాట్సాప్‌లో తిరిగే మాట అది. రాసేముందు పాటను ఒక్కసారైనా పైకి పాడుకున్నావా?

పాడి చూడు. మొగ్గా కాదు మోదుగ నీడ, నీడా కాదు నిమ్మల బావి. వదిలేసిన మాట ఏ అక్షరంతో మొదలైందో, కొత్త మాట దాన్నే పట్టుకుని వస్తుంది. కూర పోయి గుమ్మడి పండు వచ్చిన చోటా లెక్క తప్పలేదు, క, గ లకు యతిమైత్రి ఉంది, అంటే పద్యంలో ఒకదాని బదులు ఇంకొకటి చెల్లే పొత్తు. పోతు పోయి బొమ్మల శెట్టి వచ్చిన చోటా అంతే, ప, బ లకూ ఆ మైత్రి ఉంది. బావి తర్వాత కొందరు బచ్చలి కూర అంటారు, కొందరు బసవన్న కూర అంటారు. మందుచీటీ అయితే మూలిక మారుతుందా? ఇక్కడ కూర మారింది, ‘బ’ మారలేదు. ఈ పాటను కట్టింది చెవి. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఒకప్పుడు ఈ పాట పాఠాంతరాలు పోగుచేసి ఒక వారపత్రికకు పంపాను. “ఇన్ని రకాలెందుకండీ, ఇందులో రహస్యమేదో చెప్పండి, వేస్తాం” అని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. పిల్లల పాటకు వైద్యమో వేదాంతమో తగిలిస్తే తప్ప విలువ లేదట! ఏడు చేపల కథనూ వదల్లేదు, చేపలంటే కోరికలట.

ఆ రోజుల్లోనే ఈ పాట చెప్పమంటే ఒక ముసలమ్మ నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది. ఎంత అడిగినా గుర్తు రాలేదు. మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కాళ్ళు చాపాక, ఒక్కో కాలి మీద తడుతూ గబగబా చివరిదాకా చెప్పేసింది. ఆఖరి మాట పడ్డ కాలిని పిల్ల టక్కున ముడిచింది. ఈ ఆట గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

ఇలాంటి వ్యాసాలను పుస్తకంగా ఎవరు వేస్తారని అడిగావు, ఆ సంగతి తర్వాత. బిరుదురాజు రామరాజుగారు 1956లోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద డాక్టరేట్ అందుకున్నారు. నేదునూరి గంగాధరంగారు జీవితమంతా జానపద గేయాలు సేకరించారు. ముందు వాళ్ళను చదువు.

ఇంకొకటి. “మా నాయనమ్మ ఈ పాటను తప్పుగా పాడేది” అని రాసి వదిలేశావు. నీ వ్యాసం మొత్తంలో నాకు కావలసింది ఆ ఒక్కటే. తప్పేమీ కాదు. ఆవిడ ఎలా పాడేదో, ఏ ఊళ్ళో నేర్చుకుందో, ఒక్క అక్షరం దిద్దకుండా రాసి పంపు.